మస్తాన్ సాయిబు అమ్మిన తుపాకి

నలభై ఏళ్ల పైనుంచి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు. రెండు ముక్కలు. మా ఇంటి వసారాలో, పదిమంది ముందర, చేతిలో నీళ్ల చెంబు పట్టుకొని చెప్పినాను. అప్పటినుంచి అది నాతోనే లేస్తుంది, నాతోనే పడుకుంటుంది.

మీరెవరో నాకు తెలీదు. నా పేరు మీకు చెప్పను. ఊరి పేరు కూడా చెప్పను. ఆళ్లగడ్డకు రెండు మైళ్ల దూరం అనుకోండి, చాలు. పేరు దాచుకొని ఒప్పుకునేది ఏం ఒప్పుకోలు అని మీరడగొచ్చు. నన్ను నేనూ అడిగినాను. నా మనవరాళ్లు ఆ ఇంటి పేరుతోనే బతకాలి. ఆ మాత్రం పిరికితనం నాలో ఇంకా మిగిలుంది. కానీ ఆయన పేరు మాత్రం దాచను. మస్తాన్ సాయిబు. నంద్యాలలో రైలు స్టేషనుకు పోయే దారిలో తుపాకులు బాగుచేసే కొట్టు ఉండేది ఆయనకు.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. యుద్ధం జరుగుతున్న కాలం. గింజలకు కరువు. మా మామ జొన్నలు పాతరలో దాచేవాడు. పాతర అంటే ఇంటి వెనక కళ్లంలో లోతుగా తవ్విన గొయ్యి. లోపల చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు పోసి, నోటికి బండ మూసి, పైన మన్ను కప్పేవాళ్లు. ఆ ఏడాది పందికొక్కులు పక్కనుంచి బొక్క తవ్వి పాతరలోకి దిగినాయి. బోన్లు పెట్టినారు, పొగ పెట్టినారు. తినే గింజల దగ్గర ఎలకల మందు పెట్టడానికి లేదు. మందు కూరి పేల్చే తుపాకి కాలిస్తే పక్కనే ఉన్న గడ్డివాము అంటుకుంటుందని భయం. అప్పుడు మా ఆయన అన్నాడు, గాలి తుపాకి కొందామని.

మా ఆయనకు ఇంకో ఆశ కూడా ఉండేది. ఆదివారం పూట ఆళ్లగడ్డలో కొందరు స్నేహితులు చేరి టెంకాయ చిప్పలు వేలాడదీసి గురి చూసి కొట్టేవాళ్లు. వాళ్లలో ఇద్దరి దగ్గర గాలి తుపాకులు ఉండేవి. మా ఆయన వాళ్లవి అడిగి తీసుకొని కాల్చి, తగలక, నవ్వించుకొని వచ్చేవాడు. మంచి మనిషి. మెత్తని మనిషి. తనదంటూ ఒక తుపాకి ఉంటే గురి తానే వస్తుందని నమ్మినాడు.

నంద్యాలకు ఆయనొక్కడే పోయుంటే ఈ కథ లేదు. నన్నెందుకు తీసుకుపోయినాడంటే, పెళ్లయి నాలుగేళ్లయినా నా కడుపు పండలేదు. నంద్యాలలో ఒక ఆడ డాక్టరు ఉందంటే చూపించడానికి తీసుకుపోయినాడు. అప్పుడు పెట్రోలు లేక బస్సుల వెనక బొగ్గు డబ్బా కట్టి నడిపేవాళ్లు. శిరివెళ్ల దగ్గర అది ఆగిపోయింది. డ్రైవరు దిగి బొగ్గు కెలుకుతుంటే మేమంతా రోడ్డు పక్కన ఎండలో నిలబడినాము. నంద్యాల చేరేసరికి నా చీరంతా మసి. డాక్టరమ్మ చూసింది. దోషమేం లేదు, ఓపిక పట్టమని చెప్పింది. నాలుగేళ్లుగా అందరూ నన్ను ఆ ఒక్క చూపే చూస్తున్నారు. ఆమె కూడా అదే చూపు చూసి పంపించింది. బయటికొచ్చినాక నాకు ఏడుపు రాలేదు. దేనిమీదనో కోపమొచ్చింది. ఎవరిమీదనో తెలీదు. ఆ కోపంతోనే మస్తాన్ సాయిబు కొట్టు మెట్లెక్కినాను. ఇది ఎందుకు చెప్తున్నానో నాకే సరిగ్గా తెలీదు. సాకు కోసమా? కావచ్చు. మీరు దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

సాయిబుకు యాభై దాటి ఉంటాయి. సన్నటి మనిషి. కుడిచేతి చూపుడువేలు కొంచెం వంకరగా ఉండేది. కొట్టంతా నూనె వాసన, తోలు వాసన. మా ఆయన విషయం చెప్పగానే వెంటనే ఏదీ చూపించలేదు. ముందు ప్రశ్నలు అడిగినాడు.

"దేన్ని కొట్టాల మీరు?"

"పందికొక్కుల్ని. ఆదివారం పూట గురి కూడా కొడ్తాం."

"ఎంత దూరం నుంచి?"

"ఇరవై, ముప్పై అడుగులేస్తే అందేంత."

"రెండు పనులకూ ఒకటే తుపాకి అంటే చూసి తీసుకోవాలప్పా. పందికొక్కు తోలు మందం. దానికి బలం కావాల. గురికి బలం అక్కర్లే. కొట్టిన ప్రతిసారీ ఒకేరకంగా పోవాల. రెండూ ఉండేది దొరకడం కష్టం. అందులోనూ ఇప్పుడు దొరల దేశం నుంచి కొత్త సరుకు రావడం నిలిచిపోయింది."

గోనెపట్ట పరిచి దానిమీద మూడు తుపాకులు పెట్టినాడు. మొదటిది నిగనిగలాడుతోంది. కట్టె మీద చెక్కుడు పని. రెండోది సన్నగా, తేలిగ్గా ఉంది. మూడోది పాతది. కట్టె ఒకచోట పగిలితే ఇత్తడి రేకు వేసి బిగించినాడు. మా ఆయన చెయ్యి మొదటిదాని మీదికే పోయింది.

కొట్టు వెనక చిన్న పెరడు. గోడకు మందపాటి వేపపలక ఆనించి ఉంది. సాయిబు ఒక్కోదానితో అయిదేసి గుళ్లు కొట్టినాడు. మొదటిదాని గుళ్లు లోతుగా దిగినాయి కానీ అరచెయ్యంత మేర చెదిరినాయి. రెండోదాని గుళ్లు దగ్గర దగ్గరగా పడినాయి కానీ సగం దిగి ఆగిపోయినాయి. రెండింటిని గోరుతో పీకేసినాడు. మూడోదాని అయిదు గుళ్లూ ఒక్క అణా బిళ్ల కింద దాచేయొచ్చు. లోపలికి దిగి కనబడకుండా పోయినాయి.

మా ఆయన ఇంకా మొదటిదాన్నే తడుముతున్నాడు.

"మూడోది," అన్నాను నేను.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. సాయిబు తిరిగి చూసినాడు. కోపం లేదు, ఎగతాళి లేదు. "అమ్మ కనిపెట్టింది సూడు," అన్నాడు. తర్వాత మా ఆయన వైపు చూసి, "అప్పా, ఏమనుకోనంటే అమ్మను ఒక గుండు కొట్టమను. తుపాకి ఎవరి చేతిలోనైనా ఒకేరకంగా పోవాల. అది సూస్తే నీకు నమ్మకమొస్తాది," అన్నాడు. మా ఆయన నవ్వి సరేనన్నాడు. కట్టె భుజానికి ఎట్లా ఆనించాలో, ఊపిరి ఎప్పుడు ఆపాలో సాయిబు దూరం నుంచే చెప్పినాడు. మీట నొక్కినాను. ఆ అయిదింటి పక్కనే ఆరోది పడింది.

"కన్నుందమ్మా నీకు," అన్నాడు.

అప్పటివరకూ ఎవరూ నన్ను దేనికీ మెచ్చుకోలేదు.

తుపాకి ఇచ్చే ముందర సాయిబు ఇంకో పని చేసినాడు. గొట్టాన్ని కీలు దగ్గర కిందికి విరిచి, స్ప్రింగు బిగించి, గుండు పెట్టకుండా కట్టె మడమను, అంటే భుజానికి ఆనే చివరను, బండ మీద గట్టిగా కొట్టినాడు. ఒకసారి. రెండుసార్లు. మూడుసార్లు. పేలలేదు. "లోపలి కొక్కెం నేనే రుద్ది బిగించినా. కింద పడినా, గోడకు తగిలినా, మీట నొక్కంది పేలదు. పేలిందంటే తెచ్చి నా మొగాన కొట్టండి." తర్వాత మాకిద్దరికీ కలిపి ఒక మాట చెప్పినాడు. "రాయి ముందర మాత్రం కాల్చగాకండి. సీసం రాయికి తగిలి యాడికి పోతాదో ఎవరూ చెప్పలేరు."

విన్నాను. బాగా విన్నాను. విననట్టు ఉంటే ఈ రోజు కొంచెం తేలిగ్గా ఉండేదేమో.

మా ఆయనకు గురి రాలేదు. నెలరోజులు కళ్లంలో కూర్చొని రెండు పందికొక్కుల్ని కొట్టినాడు. ఒక మధ్యాహ్నం మా మామ ఊర్లో లేనప్పుడు, మిద్దె మీద వడియాలు ఎండబెడుతున్న నా దగ్గరికి తుపాకి తెచ్చినాడు. "నువ్వు కొట్టు సూద్దాం," అన్నాడు. మాది మట్టి మిద్దె. చుట్టూ మోకాలెత్తు పిట్టగోడ. దాని వెనక పడుకుంటే కింద కళ్లంలో ఎవరికీ కనబడను. ఆ మధ్యాహ్నమే మూడింటిని కొట్టినాను. ఆయన కిందికి పోయి వాటిని తోకలు పట్టుకొని తెచ్చి అందరికీ చూపించినాడు. ఇంటి కోడలు తుపాకి పట్టిందంటే మా మామ ఊరుకునే మనిషి కాదు. అందుకని కొట్టింది తానే అని చెప్పుకున్నాడు. నాకూ అదే మంచిదనిపించింది. రెండు నెలల్లో ఆళ్లగడ్డ దాకా ఆయనకు గురికాడని పేరొచ్చింది. ఆదివారాలు చిప్పలకు తగలనప్పుడు గాలి మీద నెపం వేసేవాడు.

పాతరలో గింజలు నిలిచినాయి. అది నిజం. ఇంట్లో అందరూ సంతోషపడినారు. కానీ నేను గింజల సంగతి ఎప్పుడో మర్చిపోయినాను. ఎప్పుడు వంట ముగుస్తుందా, ఎప్పుడు మిద్దెక్కుదామా అని ఉండేది. పిట్టగోడ వెనక బోర్లా పడుకొని, ఒక కన్ను మూసి, ఊపిరి ఆపితే లోకమంతా గొట్టం చివర అంత చిన్నదైపోయేది. అందులో నన్ను ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు. పందికొక్కుల తర్వాత ఉడతలు. తర్వాత జొన్నకంకుల మీద వాలే చిలకలు. ఇవన్నీ పంట తినేవే కదా అనుకున్నాను. ఒకరోజు పక్క చేన్లో మడక దున్నే ఎద్దుల వెంట నడిచే తెల్లకొంగను చూసినాను. అది మా గింజ ఒక్కటీ తినలేదు. పురుగులేరుకుంటోంది. అంత దూరం అందుతుందా అని చూడాలనిపించింది. అంతే. అందింది. కొంగ చాలులో పడి ఒక రెక్క కొట్టుకుంటూ చాలాసేపు తిరిగింది. మడక తోలే మనిషి ఎద్దుల్ని ఆపి, దాన్ని ఎత్తుకొని, ఎక్కడినుంచి తగిలిందా అని నాలుగు దిక్కులా చూసినాడు. మిద్దె వైపు చూడలేదు. నాకప్పుడు భయమేసి ఉంటే బాగుండేది. నవ్వొచ్చింది. చీర చెంగు నోట్లో కుక్కుకొని నవ్వినాను.

 ఆ కొంగ దగ్గరే నేను ఆగి ఉండాల్సింది. ఎవరైనా ఆపి ఉండాల్సింది అని కూడా ఒక్కోసారి అనుకుంటాను. ఎవరాపుతారు? నేను ఉన్నానని తెలిస్తే కదా.

సుంకులమ్మ సంగతి చెప్పాలి. మా ఇంట్లో కూలికి వచ్చేది. నాకంటే అయిదారేళ్లు పెద్ద. ఇద్దరు పిల్లలు. గట్టి గొంతు. నన్ను చిన్నమ్మా అని పిలిచేది. పిల్లలు లేరని నన్ను జాలిగా చూడని ఆడది ఆ ఊర్లో ఆమె ఒక్కతే.

ఆ రోజు పొద్దున పాతర తెరిచినారు. బండను పక్కకు జరిపి, జొన్నలు పైకి తోడి కళ్లంలో పోసినారు. సుంకులమ్మ ఒక్కతే కూర్చొని చేటతో చెరుగుతోంది. పాతర నోటికీ ఆమెకూ మధ్య పది అడుగుల దూరం. మధ్యాహ్నం తిని మా మామ లోపల నిద్రపోతున్నాడు. మా ఆయన పశువుల కొట్టంలో ఉన్నాడు. నేను మిద్దె మీదున్నాను.

పాతరలోంచి పందికొక్కు ఒకటి బయటికొచ్చింది. చాలా పెద్దది. అంతదాన్ని నేనెప్పుడూ చూడలేదు. పక్కకు జరిపిన బండ ముందర ఆగి, ముక్కు పైకెత్తి వాసన చూసింది. దాని వెనక బండ. బండకు అవతల, కొంచెం పక్కగా, సుంకులమ్మ. ఇవన్నీ నాకు కనబడినాయి. మీకు అబద్ధం చెప్పను, ఇక ఎందుకు చెప్తాను? బండను చూసినాను. సాయిబు మాట గుర్తొచ్చింది. ఎక్కడో దూరంగా ఎవరికో చెప్పిన మాటలాగా గుర్తొచ్చింది. నేను తప్పను అనుకున్నాను. నాకు కన్నుంది కదా.

నొక్కినాను.

పందికొక్కు కదిలింది. బండ మీద టక్కుమని చప్పుడు. తర్వాత చేట కిందపడిన చప్పుడు. తర్వాత కేక.

పిట్టగోడ వెనక అట్లాగే పడుకొని ఉన్నాను. లేవలేదు. ఆమె "అమ్మా, అమ్మా" అని అరుస్తుంటే చెవులు మూసుకున్నాను. మా ఆయన మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చి, కిందికి చూసి, నన్ను చూసి, నా చేతుల్లోంచి తుపాకి లాక్కున్నాడు.  "వెనక మెట్లు దిగి వంటింట్లోకి పో. నువ్వు ఈడ లేవు. అర్థమైందా? నువ్వు ఈడ లేవు," అన్నాడు. పోయినాను. పొయ్యి ముందర కూర్చున్నాను. పొయ్యిలో మంట లేదు.

అందరికీ మా ఆయన చెప్పిన కథ ఇది. తుపాకి బిగించి, కళ్లం వైపుండే వసారాలో గోడకు ఆనించినాడు. అది జారి కిందపడింది. తనంత తానే పేలింది. ఊరు నమ్మింది. సుంకులమ్మను బండిలో ఆళ్లగడ్డకు, అక్కడినుంచి నంద్యాలకు తీసుకుపోయినారు. ఎడమకన్ను పోయింది. సుంకులమ్మ ఇంటికి మా మామ జొన్నలు పంపించినాడు. ఆమె మొగుడు, మరుదులు ఊరుకోలేదు. వస్తువు చెడ్డదైతే అమ్మినోణ్ణి పిలిపించండి, అడుగుదాం అన్నారు. పోలీసుల దాకా పోకుండా ఉండాలంటే తప్పు ఎవరిదో తేలాలి. మా మామ మనిషిని పంపించినాడు.

నాలుగో రోజు మస్తాన్ సాయిబు వచ్చినాడు. బొగ్గు బస్సులో వచ్చి, ఆళ్లగడ్డ నుంచి ఎండలో నడిచినాడు. భుజాన పనిముట్ల సంచి. వసారాలో పెద్దమనుషులు, సుంకులమ్మ మొగుడు, మా మామ, మా ఆయన. నేను తలుపు దగ్గర. వచ్చినవాళ్లకు నీళ్లివ్వాలి కదా.

సాయిబు ముందు సుంకులమ్మ ఎట్లా ఉందని అడిగినాడు. తర్వాత తుపాకి తెప్పించుకున్నాడు. గొట్టం విరిచి చూసినాడు. మీట చూసినాడు. స్ప్రింగు బిగించి వసారా బండ మీద మడమను కొట్టినాడు. పేలలేదు. గోడకు ఆనించి తానే జారవిడిచినాడు. పేలలేదు. ఎన్నిసార్లు పడేసినాడో నాకు తెలీదు.  పేలితే బాగుండు, ఒక్కసారి పేలితే బాగుండు అని మొక్కుకున్నాను.

"ఇప్పుడు పేలకపోతే మాత్రం? ఆ పొద్దు పేలింది గదా," అన్నాడు మా మామ.

సాయిబు తుపాకిని పక్కన పెట్టినాడు. కళ్లంలోకి నడిచి పాతర బండ దగ్గర కూర్చున్నాడు. బండ పైముఖాన సీసం రాసుకుపోయిన బూడిదరంగు గీత ఉంది. దాన్ని వంకరవేలితో తడిమినాడు. తర్వాత తలెత్తి వసారా వైపు చూసినాడు. వసారా కిందికి ఉంది. అక్కడినుంచి వచ్చిన గుండు బండ పైముఖాన అట్లా గీసుకుపోదు. అది నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. నిదానంగా తల ఇంకా పైకెత్తి మిద్దెను చూసినాడు. పిట్టగోడను చూసినాడు. తర్వాత తలుపు దగ్గర నిలబడిన నన్ను చూసినాడు.

ఆయనకు అంతా తెలిసిపోయింది. నేను చెంబులోంచి లోటాలోకి నీళ్లు వంచినాను.

నడిచొచ్చి వసారా కింద నిలబడినాడు. నేనిచ్చిన నీళ్ల లోటా అందుకున్నాడు. తాగలేదు. పెద్దమనుషుల వైపు చూడకుండా నాతోనే మాట్లాడినాడు.

"అమ్మా, ఆ పొద్దు నువ్వు నా కొట్లో ఉండావు. నేను దీన్ని మూడుసార్లు బండకేసి కొట్టింది సూసినావు."

నేను చెంబును రెండు చేతులా పట్టుకున్నాను.

"ఎవరు, యాడ నుంచి అనేది నేనడగను. అది మీ ఇంటి సంగతి. దెబ్బ తగిలిన ఆయమ్మకు నాకు చేతనైంది నేనూ చేస్తా. ఒక్కటే చెప్పమ్మా నాకు. ఈ తుపాకి తనంత తాను పేల్తాదా?"

అందరూ నన్ను చూస్తున్నారు. మా మామ ఎదుట నేను గొంతెత్తి ఎరగను. మా ఆయన నేల చూస్తున్నాడు. సాయిబు మాత్రం, నా కోసం ఒక దారి తెరిచి పట్టుకొని నిలబడినట్టు నిలబడినాడు. పేలదు అని ఒక్క మాట చాలు. ఎవరు కాల్చినారని ఆయన అడగడు. అడగనని మాటిచ్చినాడు. కానీ మిగిలినవాళ్లు అడుగుతారు. పేలకపోతే మరి ఎవరు కాల్చినారని సుంకులమ్మ మొగుడు అడుగుతాడు. మా ఆయన చెప్పలేడు. అప్పుడు నా పేరు వస్తుంది. ఇవన్నీ నిజంగా అప్పుడే ఆలోచించినానా, తర్వాత కూర్చొని అల్లుకున్నానా? ఎన్నిసార్లు తవ్వి చూసినా తెలీదు.

"పేలింది," అన్నాను.

"ఏమ్మా?"

"తనంత తానే పేలింది. నేను సూసినా."

నేను చూసినానా అని ఎవరూ అడగలేదు. ఆ మాట ఎందుకు కలిపినాను? మొదటి మాటతో సరిపోయేది. రెండోది నేనే తెచ్చి ఆయన మీద పెట్టినాను, కదలకుండా.

 సాయిబు లోటాను వసారా అంచున పెట్టినాడు. నీళ్లు నిండుగా ఉన్నాయి. "సరేలేమ్మా," అన్నాడు. కోపంగా కాదు. చిన్నపిల్లకు చెప్పినట్టు అన్నాడు.

తుపాకిని తనకిచ్చేయమని మా మామను అడిగినాడు. మా మామ ఇవ్వలేదు. సుంకులమ్మ మొగుణ్ణి పిలిచి, దాన్ని అక్కడే బండకేసి పగలగొట్టమన్నాడు. రెండు దెబ్బలకు కట్టె విరిగింది. గొట్టం మాత్రం ఎన్ని దెబ్బలకూ వంగలేదు. ఆ మనిషి ఆయాసపడి ఆపేసేవరకూ సాయిబు చూస్తూ నిలబడి, సంచి భుజానికేసుకొని పోయినాడు.

ఆ మాట మా ఊర్లో ఆగలేదు. ఆళ్లగడ్డ ఆదివారం స్నేహితులకు పాకింది. వాళ్లనుంచి శిరివెళ్లకు, దొర్నిపాడుకు, నంద్యాలకు. మస్తాన్ సాయిబు బాగుచేసిన తుపాకులు తమంత తామే పేల్తాయంట. ఆ ఇంటి కోడలు కళ్లారా సూసిందంట. మా ఆయన మాట అయితే మొగోడు తప్పించుకోడానికి చెప్పినాడని కొందరైనా అనుకునేవాళ్లు. నోరు తెరవని కోడలు చెప్పింది కాబట్టి అందరూ నమ్మినారు.

రెండేళ్ల తర్వాత నంద్యాలకు పోయినాము. నా కడుపులో బిడ్డ ఉంది అప్పుడు. సాయిబు కొట్టు ఉన్నచోట ఇంకెవరో బట్టలు కుడుతున్నారు. రైలు గేటు దగ్గర, రోడ్డు పక్కన, గోనెపట్ట పరుచుకొని ఆయన గొడుగులు బాగుచేస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడినాడు. "బాగుండారా అమ్మా?" అన్నాడు. ఎత్తిపొడుపు ఉందేమో అని వెతికినాను. లేదు. నేను చెంగు సర్దుకొని ముందుకు నడిచినాను. బదులు చెప్పలేదు. మా ఆయన కూడా చెప్పలేదు. దారిలో గానీ, ఆ తర్వాత గానీ, చనిపోయేవరకూ ఆయన నాతో ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మరుసటి ఏడాది పోతే రైలు గేటు దగ్గర సాయిబు లేడు. జ్వరమొచ్చి పోయినాడని పక్కన చెప్పులు కుట్టే మనిషి చెప్పినాడు. సాయిబు పెళ్లాన్ని కూతురు తీసుకుపోయిందంట. ఎక్కడికో ఆ మనిషికీ తెలీదు.

సుంకులమ్మ మా ఇంటికి పనికి రావడం మానలేదు. ముప్పై ఏళ్ల పైన వచ్చింది. ఎడమపక్క చూడాలంటే తలంతా తిప్పాల్సి వచ్చేది ఆమెకు. నేను ఎప్పుడూ ఆమె ఎడమపక్కనే నడిచేదాన్ని, నా మొహం కనబడకుండా. ఆమె దాన్ని ప్రేమనుకుంది. చిన్నమ్మ తనకు కన్ను కనబడని వైపు తోడుంటుందని అందరికీ చెప్పుకునేది. పిండి విసిరేటప్పుడు, మిరపకాయలు దంచేటప్పుడు సాయిబును తిట్టేది. చేతులు పడిపోవాల వానికి, వాని కొంప కూలిపోవాల అని. ఆయన చేతులు మట్టిలో కలిసిపోయిన తర్వాత కూడా తిట్టింది. నేను పక్కన కూర్చొని విన్నాను. ఒక్కోసారి ఊ కొట్టినాను.

పోయిన ఎండాకాలం ఆమెకు జబ్బు చేసింది. ఇక లేవదని తెలిసినాక ఒక సాయంత్రం పోయి మంచం పక్కన కూర్చున్నాను. కోడలు నీళ్లకు పోయింది. ఇద్దరమే. కుడిపక్క కూర్చున్నాను. మొదలుపెట్టి చివరిదాకా చెప్పినాను. మిద్దె, పందికొక్కు, బండ, సాయిబు అడిగింది, నేను చెప్పింది. ఏడవలేదు. ఏడిస్తే ఆమె నన్ను ఓదారుస్తుందని భయం.

 ఆమె ఒంటికన్నుతో నన్నే చూసింది.

"నువ్వా," అంది.

"నేనే."

"ఇన్నేండ్లు ఆయప్పను నాతో తిట్టించినావు గదమ్మా."

కన్ను గురించి ఒక్క మాట అనలేదు. నేను దానికే సిద్ధపడి పోయినాను. దీనికి కాదు.

"ఆయప్పకు చెప్పినావా?" అని అడిగింది.

"ఆయన ఎప్పుడో పోయినాడు సుంకులమ్మా."

"మరి నాకెందుకు చెప్తాండావు?"

గోడ వైపు తిరిగి పడుకుంది. నేను ఇంకొంచెంసేపు కూర్చున్నాను. పిలిచినాను. పలకలేదు. మూడురోజులకు పోయింది. ఆ మూడురోజులూ నేను పోతే తల తిప్పలేదు. మీకు చెప్పడానికి ఇంకేమీ లేదు ఆమె గురించి. మన్నించింది అని రాయాలని చెయ్యి పీకుతోంది. రాయను. మన్నించలేదు.

ఆమె పోయినాక, నంద్యాలకు మనిషిని పంపి సాయిబు కూతురు కోసం వెతికించినాను. ఎవరికీ తెలీదు. ఆ పేరు విన్నవాళ్లే తక్కువ. విన్న ఒక ముసలాయన మాత్రం, తుపాకులు సరిగ్గా చేసేవాడు కాదంట, ఎవరికో కన్ను పోగొట్టినాడంట అన్నాడట. సాయిబు పోయి ఇన్నేళ్లయినా అక్కడ మిగిలింది నా మాటే.

అందుకని రాస్తున్నాను. మా నాయన నేర్పించిన నాలుగక్షరాలు ఇన్నాళ్లూ చీటీలు రాయడానికి తప్ప వాడలేదు. చెయ్యి నొప్పి పుట్టి రెండుసార్లు ఆపినాను. ఇంత రాసినా మంచిదాన్ని కాలేదు. ఆ సంగతి తెలుసు. మీరు నన్ను జాలిపడి చూడొద్దు, ఆ వయసులో ఎవరైనా అట్లాగే చేస్తారని సర్దిచెప్పొద్దు. అందరూ చేయరు. ఆ రోజు వసారాలో నిలబడినవాళ్లలో ఒక మనిషి తన బతుకు పోతుందని తెలిసి కూడా నా పేరు చెప్పలేదు.

ఛాతీలో ఏదో కొంచెం సడలినట్టుంది. అది నాకు దక్కాల్సింది కాదేమో, కానీ ఉంది, దాచను. మీరెప్పుడైనా నంద్యాల వైపు పోతే, ఆ స్టేషను దారిలో పాతకాలం మనిషెవరైనా మాటల్లో ఆయన్ను తలిస్తే, ఒక్కటి చెప్పండి. మస్తాన్ సాయిబు అమ్మిన తుపాకిలో ఏ లోపమూ లేదు.